తమా మీద గీత

తెపోరా సమోవా దేశంలోని సవాయి దీవి పిల్ల. అమెరికాలో, హొనొలులులో పిన్ని సియలా ఇంట్లో ఉంటూ కమ్యూనిటీ కాలేజీలో గ్రాఫిక్ డిజైన్ చదువుతోంది. అక్షరాలంటే పిచ్చి. బస్సులో కూర్చున్నా కొట్ల బోర్డులకు వంక పెట్టనిదే ఊరుకోదు. ముందు నీ పక్కబట్టలు సర్దు, ఊళ్లో బోర్డులు తర్వాత సర్దుదువుగాని అని పిన్ని దెప్పుతూ ఉండేది.

ఆ టర్ము ఆఖరి పరీక్ష ఏమిటంటే, బయటివాళ్లకు నిజంగా పనికొచ్చేదేదైనా తయారుచేసి, వాళ్ల అభిప్రాయం సంతకంతో సహా తెచ్చివ్వాలి. అది తప్పితే చదువు తప్పుతుంది. చదువు తప్పితే పరాయి దేశపు పిల్లకు వీసా ఉండదు, మూటాముల్లె సర్దుకోవాల్సిందే. సరిగ్గా అప్పుడే వాళ్ల చర్చి పెద్ద పోలోవా ఎనభై రెండో ఏట కన్నుమూశాడు. అంత్యక్రియల రోజు చర్చిలో అందరికీ పంచే చిన్న పుస్తకం మా తెపోరా చేస్తుందని పిన్ని ఆ ఇంటివాళ్లకు మాటిచ్చేసింది. పరీక్షకూ అదే పనికొస్తుందనుకుంది తెపోరా.

వారం రోజులు వెతికి ముచ్చటైన అక్షరాలు ఎంచుకుంది. వాళ్ల భాష రాసేది ఇంగ్లీషు అక్షరాల్లోనే, దీర్ఘమైతే అక్షరం నెత్తిన చిన్న గీత పెడతారు. తీరా చూస్తే తను ఎంచుకున్నవాటిలో ఆ గీత లేదు. సమోవా వాళ్లకు 'తమా' అంటే తండ్రి. చివరి అక్షరం మీద గీత తీసేస్తే అది 'తమ', అంటే పిల్లాడు. చేత్తో గీసి చూసింది. ఈగ వాలినట్టుంది. చెరిపేసింది. గీత అక్కర్లేదా అని మాస్టారు ఒషిరో అడగనే అడిగాడు. మా ఊళ్లో ఎవరూ పెట్టరు సార్, చదివేవాళ్లకు తెలుస్తుంది అంది. అబద్ధమేమీ కాదు. కానీ ఊళ్లో చదివేవాళ్లు వేరు, ఇక్కడ పుట్టి పెరిగినవాళ్లు వేరు. ఆ మాత్రం తట్టొద్దూ?

పోలోవా మనవరాలు హొనొలులులోనే పుట్టిన పిల్ల. చర్చిలో పుస్తకం పట్టుకుని, ఉన్నదున్నట్టు 'తమ' అనే గట్టిగా చదివింది.

"మా ముద్దుల పిల్లాడా, హాయిగా నిద్రపో."

ముందు వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. ఆ నవ్వు వెనక వరసల దాకా పాకింది. తెపోరాకు తల కొట్టేసినట్టయింది.

నాలుగు రోజులు ఆ ఇంటివైపు వెళ్లడానికి ముఖం చెల్లలేదు. ఐదోనాడు అభిప్రాయం రాయించే కాగితం పట్టుకుని సంతకం కోసం వెళ్లక తప్పలేదు. పోలోవా భార్య ఫాపిసా వంటింట్లో పచ్చి అరటికాయలు చెక్కు తీస్తోంది. తెపోరా నిలబడే చెప్పేసింది, తప్పు తనదేనని, అందం చూసుకుని గీత చెరిపేశానని. ముసలమ్మ మరో రెండు కాయలు చెక్కు తీసి కత్తి పక్కన పెట్టింది.

"చర్చికి ఆయన తండ్రి, పిల్లలకు తండ్రి, ఆఖరికి నేనూ అట్లాగే పిలిచేదాన్ని. పిల్లాడా అని పిలిచే వాళ్లమ్మ పోయి ఎన్నేళ్లయిందో. మొన్న ఆ మాట చెవిన పడితే నవ్వూ ఏడుపూ కలిసొచ్చాయే తల్లీ."

తెపోరా కళ్లు తుడుచుకుంది.

"అట్లాగని తప్పు ఒప్పయిపోతుందా? ఆ కాగితం ఇటియ్యి."

చెయ్యి తుడుచుకుని, కళ్లజోడు వెతుక్కుని, రెండు వాక్యాలు రాసి, సంతకం చేసి, మడిచి ఇచ్చింది. అక్కడే విప్పి చూసే ధైర్యం తెపోరాకు లేదు. బస్సెక్కాక విప్పింది.

"పిల్ల 'తమా' తప్పుగా రాసింది. సమాధి రాయి మీద రాత కూడా ఈ పిల్లకే ఇస్తున్నాం."