కెమెరాల ముందు దోన్కా నడక

జీవితమంతా కొండల్లో మేకలు కాసిన దోన్కా కుంటడం ఊళ్లో ఎవరూ చూడలేదు. ప్లోవ్‌దివ్ నగరంలోని పరిశోధనశాలలో ఆమె మోకాలి చుట్టూ మెరిసే గోళీలు అతికించి, కెమెరాల ముందు నడవమన్నారు. ఆ కొలతలను బట్టే కీలు మార్చాలో వద్దో తేలుస్తారు. తోడొచ్చిన పొరుగింటి పేనా కళ్లప్పగించి చూస్తోంది. దోన్కా పళ్లు బిగించి పెళ్లికూతురిలా నడిచింది.

"మోకాలు బాగానే వంగుతోంది అవ్వా! ఆపరేషన్ ఇప్పుడే అక్కర్లేదు," అంది కొలతలు తీసే రలిత్సా.

దోన్కాకు ఒళ్లు మండింది. "బాగుందా? పాలు పితికి లేవాలంటే గుంజ పట్టుకుని ఏడుస్తున్నాను. నీ కెమెరాలకు కళ్లు లేవా?"

"మరి కుంటకుండా ఎందుకు నడిచావు?"

"పరాయివాళ్ల ముందు కుంటుతారటే ఎవరైనా? మొగుడి శవం వెనకాల కూడా నిటారుగా నడిచాను నేను!"

పేనా కిసుక్కున నవ్వింది. "నాతో కూడా నొప్పి లేదనే చెప్పావుగా వదినా!"

"నీతో చెబితే ఊరంతా చాటింపు వేస్తావు. లే, బయటికి నడు!"

పేనా వెళ్లగానే దోన్కా తలుపు దడాలున మూసింది. "ఇప్పుడు తియ్యి," అని కసిరి, గోడ పట్టుకుని, మోకాలు ఎటు లాగితే అటు ఒరుగుతూ, మూలుగుతూ నడిచింది. రలిత్సా మొదటి కొలతలు కొట్టేసింది.

"ఈ బొమ్మ ఆ పేనాకు చూపించావో, నీ కెమెరాలు పగలగొడతాను," అంది దోన్కా.