పొట్టి బండి

యాభై దాటాక నాకు క్రూయిజర్ బండి మీద మనసు పడింది. కాళ్ళు ముందుకు చాపుకుని, తొందర లేకుండా పోయే బండి. కొన్నాళ్ళు ఫోన్‌లో పాతవి చూస్తూ వచ్చాను. కాడుగోడిలో ఒకాయన తన చేతులతో మార్చుకున్న బండి అమ్ముతున్నాడని తెలిసి, ఒక ఆదివారం జిగణి నుంచి బయలుదేరాను. "నువ్వొక్కడివే పోతే ఏది చూపిస్తే అది కొనేస్తావు" అని నా భార్య తన స్కూటర్ తీసి నన్ను వెనక ఎక్కించుకుంది. ఆమె రోజూ డ్యూటీకి పోయేది ఆ స్కూటర్ మీదే.

ఆయనకు గేట్లు, గ్రిల్స్ చేసే వెల్డింగ్ షాపు ఉంది. పొట్టి మనిషి, నెరిసిన మీసం. తరాలుగా అక్కడే ఉన్న తెలుగువాళ్ళు. మా మాట వినగానే కన్నడం వదిలేసి తెలుగులోకి వచ్చాడు.

షెడ్డులో పట్టా లాగితే నల్లటి బండి బయటపడింది. వెనక లావు టైరు, ఒక్కరికే సరిపోయే సీటు, అదీ బాగా కిందికి.

"ఫ్రేము కోసి నేనే దించినా. కాళ్ళు నేలకు ఆనకుంటే బండి మన మాట వినదప్పా. ఇప్పుడు నడుము పట్టేసుండాది, డాక్టరు నడపొద్దన్నాడు."

నేను ఆరడుగుల మనిషిని. ఎక్కి ఆ వీధిలో ఒక చుట్టు తిరిగి వచ్చాను. మలుపు తిప్పినప్పుడల్లా హ్యాండిలు మోకాలికి తగిలింది. అయినా దిగి "బాగుంది" అన్నాను.

"బాగలేదు సార్. పిల్లోళ్ళ సైకిలెక్కినట్టు ఉండారు. మీకు అమ్మితే నెలకే నన్ను తిట్టుకుంటారు."

నా భార్య పకపకా నవ్వింది. నా ముఖం చిన్నబోయింది. సీటు ఎత్తు పెంచొచ్చు కదా అని అడిగాను.

"కోసి దించిన ఫ్రేము మళ్ళా లేపితే బలముండదు. నేను చెయ్యను, మీరు ఇంకెవురితోనూ చేయించొద్దండి."

సరే, పోదామనుకుంటుంటే ఆమె చున్నీ నడుముకు బిగించి, "ఒకసారి నేను కూర్చుంటా" అని ఎక్కింది. రెండు పాదాలూ నేల మీద నిండుగా ఆనాయి. స్టాండు తీసి, బండిని అటూ ఇటూ వాల్చి బరువు చూసుకుంది.

"ఈయమ్మకు కొలతలు తీసి చేసినట్టు ఉండాదే!" అన్నాడాయన.

తిరుగుదారిలోనూ ఆమే స్కూటర్ నడిపింది. నిజం చెప్పాలంటే నాకు కుళ్ళుగా ఉంది. సర్జాపుర దగ్గర టీకి ఆగినప్పుడు ఆమే అడిగింది.

"బాధగా ఉండాదా?"

"ఉండాది."

"నాకు ఆ బండి కావాలనుండాది. నీకిష్టం లేకుంటే చెప్పు."

"గేరు బండి నీకు రాదు గదా?"

"నేర్చుకుంటే రాదా? స్కూటర్ మాత్రం ఎవరు నేర్పించినారు?"

ఆ మాటకు నాకు నవ్వొచ్చింది. మనసులో బిగుసుకున్నది కాస్త సడలింది. మరుసటి ఆదివారం నేనే ఆయనకు ఫోన్ చేసి మేము వస్తున్నామని చెప్పాను.

బేరం కుదిరాక, ఆదివారాల్లో ఆయనే షాపు దగ్గరి ఖాళీ లేఅవుట్ రోడ్డులో స్టూలు వేసుకుని కూర్చుని ఆమెకు నేర్పాడు. "క్లచ్చు మెల్లగా వదలమ్మా, మెల్లగా!" అని అరుస్తూనే ఉండేవాడు. ఒకసారి ఆమె పడింది, అద్దం పగిలింది. ఆయన నడుము పట్టుకుని పరుగెత్తి ముందు బండిని చూశాడు, తర్వాత "నీకేమన్నా అయిందామ్మా?" అన్నాడు. ఆమె రోడ్డు మీద కూర్చునే నవ్వింది.

గేరు బండి లైసెన్సు వచ్చాక, బండి ఆమె పేరుకు మార్పించి ఇంటికి తెచ్చుకున్నాం. ఆ నల్ల బండి మీద ఆమె ముందు, ఆమె స్కూటర్ మీద నేను వెనక. చందాపుర సిగ్నల్లో పక్కన ఆగిన కుర్రవాడు ఆమెను కన్నడంలో ఏదో అడిగాడు. ఇంజను చప్పుడులో ప్రశ్న వినపడలేదు గానీ జవాబు వినపడింది. "నందే" అంది, నాదే అని. ఆ గొంతులోని ధీమా విని నాకు భలే సంతోషమేసింది.

ఇప్పుడు సెలవు రోజుల్లో ఆనేకల్ వైపు పోతుంటాం. తిన్నని రోడ్డు దొరికితే ఆమె కనుచూపు మేర దాటిపోతుంది. నేను స్కూటర్ మీద నిదానంగా వెళ్ళేసరికి, ఎక్కడో చెట్టు నీడన బండి ఆపి, నాకూ ఒక ఎళనీరు బొండాం కొట్టించి పట్టుకుని నిలబడి ఉంటుంది.