కుషిడా చెవిలోని హోరు

కుషిడా మేస్త్రీ పొగరంతా చెవుల్లోనే ఉందని మాయెబాషిలో కార్ల సైలెన్సర్లు కట్టేవాళ్ళు చెప్పుకునేవారు. అబద్ధమేమీ కాదు. నలభై ఏళ్ళలో ఆయన ఏ కొలతా కాగితం మీద పెట్టలేదు. టేపు పట్టుకున్న కుర్రవాళ్ళు కనిపిస్తే, "కర్టెన్లు కుట్టే కొట్టు పక్క వీధిలో ఉంది నాయనా," అనేవాడు.

లావుపాటి పొగగొట్టం బిగించుకున్న కారు ఊళ్ళో తిరిగినంతసేపూ ముచ్చటగానే ఉంటుంది. హైవే ఎక్కి వేగం వందకు చేరిందా, లోపలంతా ఒకటే హోరు. దాన్ని అక్కడ కొమొరి అంటారు. గదిలో తలుపేసుకుని బయటికి రాని మనిషికి పెట్టే పేరులోనూ ఆ మాటే ఉంటుంది. విరుగుడు ఒకటుంది: పొగగొట్టానికి పక్కగా, ఒక చివర మూసేసిన ఇంకో గొట్టం అతికించాలి. దాని పొడవు సరిగ్గా కుదిరితే హోరు అణిగిపోతుంది. నాలుగు వేళ్ళ తేడా వచ్చినా పడిన శ్రమంతా దండగ.

ఆ పనికే వచ్చాడు నెగిషి. ఉత్తరాలు పంచి రిటైరైన మనిషి, ముప్పై ఏళ్ళ ఖాతాదారు. భార్య ఫుమీని శుక్రవారం నాగావోకా ఆసుపత్రి నుంచి ఇంటికి పంపిస్తున్నారు. హోరు వింటే ఆమెకు తల తిరుగుతుంది.

"రైల్లో తీసుకురండి, పీడా పోతుంది," అన్నాడు కుషిడా.

"పెళ్ళికి ముందు తనని తిప్పింది ఈ కారులోనే మేస్త్రీ గారూ. ఇందులోనే తీసుకురమ్మంది."

ఆ మాటకు కుషిడా కరిగిపోయాడు. మంగళవారం పొద్దున్నే గొట్టం అతికించి, ఫుమీ కూర్చోబోయే వెనక సీట్లో తాను కూర్చున్నాడు. నెగిషి హైవే మీద వందకు పోనిచ్చాడు. కుషిడా కళ్ళు మూసుకుని విన్నాడు. హోరు అలాగే ఉంది.

"ఇంకా ఉంది కదూ?"

నెగిషి అద్దంలో ఆయన మొహం చూశాడు. "ఆ... మీరన్నాక... కొంచెం ఉన్నట్టే ఉందండీ."

తిరిగొచ్చి కుషిడా గొట్టం చివర రెండు వేళ్ళంత కోసి, మళ్ళీ మూత అతికించాడు. బుధవారం మళ్ళీ వెళ్ళారు. హోరు అంతే. నెగిషి "ఉన్నట్టే ఉందండీ" కూడా అంతే. ఇంకో రెండు వేళ్ళు పోయాయి. గురువారం మూడోసారి వెళ్ళారు. ఇలాంటి పని రెండోసారి చేయడమే ఆయన ఎరగడు.

ఆకగి దగ్గర రోడ్డుపక్క హోటలు ముందు కారు ఆగింది. పుల్లకు గుచ్చి కాల్చిన మంజూ బన్నులు నెగిషి వెనక్కి అందించి, ఏదో అన్నాడు.

"ముందు ఆ ఇంజిను ఆపండి మహాప్రభో! ఈ హోరులో ఏం వినిపిస్తుంది?"

నెగిషి చెయ్యి పైకెత్తాడు. అందులో కారు ఆపగానే తీసేసిన తాళంచెవి ఉంది.

కుషిడా తాళంచెవిని చూశాడు. తలుపు తీసుకుని దిగి, కారుకు యాభై అడుగుల దూరం నడిచి నిలబడ్డాడు. హోరు ఆయనతోపాటే వచ్చింది.

వెనకే నెగిషి వచ్చాడు.

"మొదటి రోజున కారులో అసలు హోరుందా? నిజం చెప్పండి," అన్నాడు కుషిడా.

"లేదండీ. చీమ చిటుక్కుమన్నా వినిపించేది."

"మరి చెప్పొద్దూ!"

"మీరు ఉందన్నాక లేదని ఎలా అంటానండీ?" నెగిషి తల దించుకున్నాడు. "ఇవాళ మాత్రం నిజంగానే వచ్చేసింది."

కుషిడాకు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియక మంజూ మీద చూపించాడు. ఒక్క కొరుకు కొరికి పారేశాడు.

కొట్టుకు చేరాక, కోసి పడేసిన రెండు ఇనప కడియాలను చెత్తబుట్టలోంచి ఏరి బల్ల మీద పెట్టాడు. వాటిని తిరిగి అతికిస్తే పొడవు మొదటిలాగే వస్తుంది. హోరు పోవచ్చు. అతుకుల్లో కాస్త తేడా వచ్చి ఉండిపోనూవచ్చు. ఆయనకు మాత్రం తెలిసే దారి లేదు.

"ఫుమీని రేపు పదకొండింటికి పంపిస్తారండీ," అన్నాడు గుమ్మంలోంచి నెగిషి.

కుషిడా వెల్డింగు ముసుగు చేతిలోకి తీసుకున్నాడు. అతికించి, పోయిందా అని అడగాలి. పోయిందనే చెబుతాడు నెగిషి. పోకపోయినా అదే చెబుతాడు.