పచ్చి ట్యాగులంటే పడని కోదండరామ

వాక్యంలో పచ్చి ట్యాగు, అంటే అక్షరాల రూపం మార్చే కోడ్ గుర్తు, కనబడితే కోదండరామకు ఒళ్లు మండేది. తమిళనాడులోని రాజపాళయంలో బ్యాండేజి గుడ్డ కంపెనీలకు వెబ్‌సైట్లు కట్టే ఆ చిన్న ఆఫీసులో అతని మతం ఒక్కటే: మాట వేరు, ముస్తాబు వేరు. కొనుగోలుదారు పేరు లావు అక్షరాల్లో రావాలా? పేరుకు అటూ ఇటూ నక్షత్రం గుర్తు పెట్టు చాలు, లావు చేసే పని అతను రాసిన కాంపొనెంట్ అనే కోడ్ ముక్క చూసుకుంటుంది. టీ కొట్లోనూ అంతే. పాలు, డికాక్షన్, చక్కెర మూడు గ్లాసుల్లో తెప్పించుకుని తనే కలుపుకునేవాడు. మహానుభావుడని ఎవరూ అనలేదు. రోజూ విసిగించేవాడు.

"ఒక పేరు లావు చేసేదానికి ఇంత పూజ ఎందుకన్నా?" అనేది పక్క సీటు సత్యప్రియ.

"ట్యాగు నా కోడ్‌లో ఉండాల మా. వాక్యంలోకి రాకూడదు."

"వస్తే ఏమయితాది, మిల్లు ఆగిపోతాదా?"

"నువ్వు సుమ్మా ఉండు."

అతను భోజనానికి వెళ్లగానే ఆమె సుమ్మా, అంటే ఊరికే, ఉండలేదు. 'మీ ఆర్డరు బయలుదేరింది' అనే వాక్యంలో కొనుగోలుదారు పేరుకు ముందూ వెనకా ట్యాగులు నేరుగా దూర్చి, తమిళంలోకి మార్చమని నాచ్చియార్‌కు పంపింది. నాచ్చియార్ పక్కూరు మంసాపురంలో ఇంటి నుంచే పనిచేస్తుంది. అంతకుముందు ఏళ్ల తరబడి బ్యాండేజి గుడ్డలో నలుసులు ఏరిన చెయ్యి. రెండు ట్యాగులూ ఒకేలా ఉన్నాయి, రెండోదాంట్లో మాత్రం ఒక అడ్డగీత అదనం. నలుసనుకుని ఏరేసింది. లావును ఆపేది ఆ గీతే; ఇక ఆపేవాళ్లు లేరు. సాయంత్రానికి పేరు దగ్గర నుంచి పేజీ అడుగున ఫోన్ నంబరు దాకా అంతా లావెక్కి కూర్చుంది.

"ఆ నాచ్చియార్‌ను పనిలోంచి తీసేయండి. ఇది రెండోసారి," అన్నాడు ఓనరు పొన్నురంగం.

సత్యప్రియ తన స్క్రీను వైపు తిరిగింది. కోదండరామ లేచాడు. "తప్పు నాది సార్. చూడకుండా పేజీ ఎక్కించింది నేను."

నాచ్చియార్ పని పోలేదు. కోదండరామను మాత్రం సైట్ల నుంచి తీసి ఫోన్లకు జవాబు చెప్పే సీట్లో వేశారు.

"ఎందుకన్నా అట్ల చెప్పినారు? అంతా నేను చేసింది కదా."

"ముందొకసారి ఇట్లే అయినప్పుడు, ట్యాగులు నేర్పిస్తానని నేనే నాచ్చియార్ అక్కను కూర్చోబెట్టినాను. భయపడి పనే వద్దనేసింది. వాళ్లింటికి ఆ జీతమే దిక్కు. అందుకే నక్షత్రాలు."

"ఒక మాట చెప్పి ఉండొచ్చు కదా."

"చెప్పింటే అందరూ అక్కను చూసి నవ్వుతారు. నన్ను చూసి నవ్వుతా ఉండినారు, బాగానే ఉండె."

ఆమె ఓనరు గదివైపు నడిచింది.

"పోయి చెప్తే నిన్నూ తీసేస్తాడు. అక్క వాక్యాలు ఎవరు చూస్తారు?" అన్నాడతను.

ఆమె ఆగిపోయింది. నాచ్చియార్ కోసం ఆగిందో, తన కోసం ఆగిందో ఇప్పటికీ తేల్చుకోలేదు.

ఆ సైట్లు ఇప్పుడు సత్యప్రియవి. మొన్న కొత్తగా చేరిన కార్తిక్ ఒక వాక్యంలో ట్యాగు దూరిస్తే, కూర్చోబెట్టి తీయించింది.

"ఏం పిచ్చక్కా ఇది?" అన్నాడతను. ఆఫీసంతా నవ్వింది.

ఆమె నవ్వనిచ్చింది.