నాలుగు మూలలా పసుపు

నా చిన్నప్పుడు మేమున్న అమెరికా ఊళ్లో పసుపు దొరికేది కాదు. ఇండియా నుంచి ఎవరైనా వస్తూ ఒక డబ్బా తెచ్చిపెడితే, అమ్మ దాన్ని ఏడాదంతా చిటికెడు చిటికెడుగా వాడేది. ఈ మాట చెబితే నా మనవరాలు నమ్మదు. శాన్ రామన్‌లో మా అమ్మాయి వాళ్లింటి దగ్గర షాపులో పసుపు పెద్ద పెద్ద ప్యాకెట్లలో అమ్ముతారు మరి.

మా అమ్మ డాక్టరు. వియత్నాం యుద్ధంలో దెబ్బలు తిన్న సైనికులను ఉంచే ఆసుపత్రిలో పని, సముద్రానికి దగ్గరలో. నాకప్పుడు తొమ్మిదేళ్లు. బడి అయ్యాక ఇంట్లో ఎవరూ ఉండరని నన్ను అక్కడికే తీసుకెళ్లి వార్డు చివర కిటికీ దగ్గర కూర్చోబెట్టేది. మధ్యాహ్నం దాటగానే పొగమంచు వచ్చి అద్దాలకు ఆనుకునేది. బయట చెట్లు, కార్లు, ఎదురింటి కప్పు ఒక్కొక్కటే మాయమయ్యేవి. లోపల తెల్లటి మంచాలు, తెల్లటి దుప్పట్లు. ఆ గదంతా నెమ్మదిగా ఎక్కడికో తేలిపోతోందనీ, తలుపు తీస్తే ఇంకేదో ఊళ్లో ఉంటామనీ అనుకునేదాన్ని.

కిటికీ పక్క మంచం మీద ఒక సైనికుడు ఉండేవాడు. ఇరవై రెండేళ్లుంటాయేమో. అమ్మ చెప్పినట్టు అతన్ని అంకుల్ అనేదాన్ని. కాలిపోయిన చేతులు రెండూ కట్లలో ఉండేవి. ఎడమకాలు మోకాలి కింద లేదు. అతను పెళ్లాడదామనుకున్న అమ్మాయి దూరంగా చాండ్లర్ అనే ఊళ్లో ఉండేది. ఇప్పుడంటే మనవాళ్ల ఇళ్లతో నిండిపోయింది గానీ, అప్పటి చాండ్లర్ అంటే పత్తిచేలే. ఆమె సాయంత్రం పూట గుమ్మం మెట్ల మీద కూర్చుని తడి జుట్టు ఆరబెట్టుకుంటుందనీ, ఆ వేళకి చేల మీదుగా గాలి వస్తుందనీ అతను కళ్లు మూసుకుని చెప్పేవాడు. నేనూ కళ్లు మూసుకుని వినేదాన్ని.

ఆమెకు ఉత్తరాలు నేనే రాసిపెట్టేదాన్ని. మొదట ఒక నర్సు రాసేదట. కాలు సంగతి కూడా రాద్దామని ఆవిడ పట్టుబట్టేసరికి అతను ఆవిడతో మాన్పించి నన్ను పిలిచాడు. నేను చెప్పింది చెప్పినట్టు రాసే బాపతు. చేతులకు చిన్న గాయాలు, అందుకే డాక్టరుగారి పాప రాస్తోంది, నువ్వు రానక్కర్లేదు, నేనే వస్తాను. ప్రతిసారీ ఇదే. కట్టుడు కాలితో నడక నేర్చుకుని, ఆమె గుమ్మం ముందు తనంతట తాను నిలబడాలని అతని కోరిక. ఇలా చూస్తే జాలిపడుతుందేమో, లేదా వదిలేసి పోతుందేమో అని బెంగ. ఆ రెంటిలో దేనికి ఎక్కువ భయపడ్డాడో నాకిప్పటికీ తెలియదు.

ఆమె జవాబులు రానురాను చిన్నవైపోయాయి. చివరికి ఒకటి నాలుగే వాక్యాలతో వచ్చింది. నేనే చదివి వినిపించాను. నన్ను చూడాలని లేకపోతే ఆ మాటే చెప్పు, ఎదురుచూడటం మానేస్తాను అని ఉంది. అతను గోడవైపు తిరిగాడు. తుడుచుకోవడానికి చేతులు ఆడవు కదా, దిండు తడిసింది. కాసేపటికి, "రాసుకో పాపా. అంతా బాగుంది. రావద్దు. నేనే వస్తాను," అన్నాడు. నాకు ఒళ్లు మండింది. ఆమె కోసం ఇంత ఏడుస్తూ రావద్దని రాయించడమేమిటి? అయినా రాశాను.

పోస్టు చేసే పని కూడా నాదే కాబట్టి ఉత్తరం ఇంటికి తెచ్చాను. అంతకు కొద్దిరోజుల ముందే, పిన్ని పెళ్లి కుదిరిందని తాతయ్య ఇండియా నుంచి రాసిన ఉత్తరానికి నాలుగు మూలలా పసుపు ఉండటం చూశాను. పసుపు ఉందంటే శుభవార్త అని అమ్మ చెప్పింది. నా బుర్ర అక్కడితో ఆగలేదు. పసుపు రాస్తే వార్త దానంతటదే శుభమైపోతుందనుకున్నాను. అమ్మ దాచుకున్న డబ్బాలోంచి చెంచాల కొద్దీ తీసి, నీళ్లు కలిపి, మూలలన్నిటికీ దండిగా పట్టించాను. ఎక్కువై అక్షరాల మీదికి కూడా కారింది. ఆరబెట్టి, మడిచి, పోస్టులో వేసేశాను.

వారం తిరక్కుండా ఆమె వచ్చింది. రెండు బస్సులు మారి వచ్చిందట, గౌను నలిగిపోయి ఉంది. వార్డు గుమ్మంలో ఎదురుపడిన మా అమ్మకు ఆ ఉత్తరం చూపించి, "ఇది ఏ గాయంలోంచి కారింది డాక్టర్? నిజం చెప్పండి," అంది. పచ్చటి మరకలు చూసి, పుండు రసి కాగితం మీద పడిందనీ, అతను చావుబతుకుల్లో ఉండి దాస్తున్నాడనీ అనుకుంది పాపం. అమ్మ కాగితం వాసన చూసింది. తర్వాత నావైపు చూసింది. నేను కుర్చీలో ముడుచుకుపోయాను.

ఆ మరకలు గాయానివి కావని చెప్పి, అమ్మ ఆమెను మంచం దగ్గరికి తీసుకెళ్లింది. దుప్పటి ఒకవైపు చదునుగా ఉంది. ఆమె దాన్ని చాలాసేపు చూసింది. అతను ఏదో చెప్పబోతే ఆగమంది. గొంతు పెంచలేదు గానీ కోపంగానే ఉంది.

"కాలు నీది పోయింది. అందుకు ఏడవాలో, పారిపోవాలో, ఇక్కడే కూర్చోవాలో తేల్చుకోవాల్సింది నేను. నా వంతు కూడా నువ్వే తేల్చేశావు," అంది.

అప్పుడు కుర్చీ లాక్కుని అతని పక్కన కూర్చుంది. ఇద్దరూ ఏడ్చారు. రెండు నెలల తర్వాత అతను చంకకర్రల మీద, ఆమె అతని సంచి మోస్తూ, కలిసే చాండ్లర్ వెళ్లారు.

ఆమె వచ్చిన రోజు సాయంత్రం ఇంటికెళ్తుంటే కారులో నాకు తిట్లు తప్పవనుకున్నాను. అమ్మ డ్రైవ్ చేస్తూనే, "పసుపంతా తగలేశావు కదే," అని నవ్వింది. నవ్వు ఆగాక మెల్లగా అంది. "ఆ అబ్బాయి ప్రేమతోనే దాచాడు అమ్మడూ. కానీ ఆ పిల్లని బయట నిలబెట్టి తలుపేసినట్టయింది. అలా ఎవరినీ నిలబెట్టకు."

పోయిన ఏడాది డాక్టర్లు నా కడుపులో గడ్డ ఉందన్నారు. ఆపరేషన్ అయ్యాక మా అమ్మాయికి చెబుదాంలే అనుకున్నాను. ఉద్యోగం, పిల్లలు, దానికెందుకీ బెంగ అని మూడు రోజులు ఫోన్‌లో అంతా బాగుందనే చెప్పాను. నాలుగో రోజు నావల్ల కాలేదు, చెప్పేశాను. అది చాలాసేపు ఏడ్చింది. మూడు రోజులు దాచినందుకు నన్ను చెడామడా తిట్టింది. ఆ పైన ముక్కు చీదుకుని, "అపాయింట్‌మెంట్ ఎన్నింటికి అమ్మా? నేను డ్రైవ్ చేస్తాను," అంది.