పత్తి చేనులో పాస్‌వర్డ్

ఒక్క మాటతో పత్తి చేను మొత్తం ఖాళీ చేయించిన మనిషిని మీరెక్కడైనా చూశారా? చూడకపోతే నన్ను చూడండి.

ఆ ఏడు మా బిడ్డ శ్రావణి నర్సింగుకు దరఖాస్తు పెట్టాలి. దానికి జ్వరం. టేకులపల్లి నెట్ సెంటర్‌కు నేనే పోయాను.

“పాస్‌వర్డ్ చెప్పక్కా. నువ్వు మరువొద్దు, ఇంకోరికి తెల్వొద్దు” అంది అక్కడి పిల్ల.

నేను జన్మలో మరువనిది, నోరు దాటనిది ఒకటే ఉంది. మా అత్తకు నేను మనసులో పెట్టుకున్న పేరు: ఎలుగుబంటి. ఇప్పపువ్వు రాలే కాలంలో, దాన్ని తినడానికొచ్చే ఎలుగు కన్నా ముందే లేచి చెట్టు కిందికి చేరేది ఆమే మరి! ఆ పిల్ల చెవిలో చెప్పి, టైపు కొట్టించి వచ్చాను. శ్రావణికి కూడా చెప్పలేదు.

సీటు ఖాయం చేసుకునే ఆఖరి రోజు వచ్చింది. మా ఊళ్లో సిగ్నల్ గుట్ట మీదే దొరుకుతుంది. శ్రావణి ఫోన్ పట్టుకుని గుట్టెక్కింది. నేను కింద పత్తి ఏరుతున్నాను. వెనుక సాలులో అత్త.

“అమ్మా! పాస్‌వర్డ్ ఏందే?”

“దిగి రా బిడ్డా, చెవుల చెప్త!”

“దిగితే సిగ్నల్ పోతది! ఐదింటికి బంద్! జల్దీ!”

ముందు గుట్ట, వెనుక అత్త.

“చెప్పరాదే, మేమేమన్న ఎత్కపోతమా?” అన్నారు కూలీలు.

బిడ్డ బతుకు కదా. కళ్లు మూసుకుని అరిచాను: “ఎలుగుబంటీ!”

అడవి అంచు చేనులో అరవాల్సిన మాటేనా అది? పత్తి మూటలు ఎక్కడివక్కడే. ఒకామె చెప్పులొదిలింది, ఇంకొకామె పక్కామె కొంగు పట్టుకుని ఉరికింది. అందరూ ట్రాక్టరెక్కి కూర్చున్నారు.

గుట్ట మీద శ్రావణి కూడా చుట్టూ చూసింది. “ఎలుగా? ఏడనే?”

“ఏడ లేదే! అదే పాస్‌వర్డ్! కొట్టు!”

కాసేపటికి పైనుంచి కేక: “అయిందమ్మా! సీటు ఓకే!”

ఊపిరి పీల్చుకుని చూస్తే, చేనులో ఒక్క మనిషే కదలకుండా పత్తి ఏరుతోంది. మా అత్త.

“అత్తా, నువ్వు ఉరకలేదేంది?”

“నన్ను జూసి నేనే ఎందుకు ఉరుకుతనే?”

“ఆ పేరు నీకెట్ల తెల్సత్తా?”

“పొయ్యి కాడ గొణుగుతవ్ గద, ఏండ్ల సంది ఇంటున్న. సీటొచ్చింది గద, ఇగ ఏరు.”

ఎవరికీ తెలియని మాటే పాస్‌వర్డ్ అంటారు. ఒకే పొయ్యి దగ్గర ఇన్నేళ్లు మసిలిన ఇద్దరి మధ్య అలాంటి మాట ఉంటుందా? తెలిసి కూడా ఆమె నాకు రోజూ అన్నం పెట్టింది. దాన్నేమనాలో నాకు ఇప్పటికీ తెలియదు.

అందుకే అడవితల్లి మీద ఒట్టు. అడవిలో తిరిగే జంతువును గానీ, ఇంట్లో తిరిగే మనిషిని గానీ ఇక ఈ జన్మలో పాస్‌వర్డ్‌గా పెట్టను.