ముందు మావయ్య కూర్చోవాలి

మా మావయ్యకి ఒకటే పిచ్చి. నాకోసం ఏ వస్తువొచ్చినా ముందు తనే వాడి చూడాలి. చక్రాల కుర్చీ వస్తే, అట్టపెట్టె విప్పీ విప్పకముందే అందులో చతికిలబడ్డాడు. స్నానాల కుర్చీ వచ్చిన రోజైతే బట్టలతోనే నాలుగు చెంబులు గుమ్మరించుకున్నాడు.

"ఒరేయ్, అది పిల్లకి వచ్చిందిరా!" అని అమ్మ నెత్తి కొట్టుకునేది.

"కొత్త చెప్పులు కరవవా అక్కా? ఇదీ అంతే. ముందు నన్ను కరవనీ."

నాకొచ్చే సర్కారు సాయం రెండు భాగాలు. ఒకటి పొద్దున్నే వచ్చి నన్ను తయారుచేసే మనిషికి, రెండోది సామాన్లకి. "రెండూ అత్తాకోడళ్ళు. ఒకరి డబ్బు ఇంకొకరు ముట్టకూడదు" అని మావయ్య అందరికీ చెప్పేవాడు, అడిగినా అడక్కపోయినా.

నా బాధంతా బాత్రూం తలుపుతో. కుర్చీ పట్టదు. ఇంత వయసొచ్చి, ఇద్దరు మోసుకెళ్తే గానీ నాకు స్నానం లేదు. తలుపు వెడల్పు చేయించడానికి సామాన్ల డబ్బు వాడతామంటే, "అది ఇంటి రిపేరు, కుదరదు" అన్నారు. కాళ్ళావేళ్ళా పడితే ఓ ఆఫీసరమ్మ చూడ్డానికొచ్చింది. ఆవిడ కాదంటే ఇక అంతే సంగతులు.

తీరా ఆవిడ వచ్చేసరికి నేను మంచం మీద, మావయ్య నా కుర్చీలో!

"రండమ్మా, మంచినీళ్ళు తెస్తా" అంటూ టక్కున లేచి వంటింట్లోకి నడిచాడు.

ఆవిడ కళ్ళెర్రజేసింది. "అమ్మాయికిచ్చిన కుర్చీలో మీరు షికార్లు చేస్తున్నారా?"

కొంప ముంచావు కదా మావయ్యా!

ఆయన మాత్రం గ్లాసు చేతికిచ్చి, "మీరూ ఓసారి కూర్చోండమ్మా. బాత్రూం దాకా వెళ్ళి రండి, తర్వాత తిట్టండి" అన్నాడు.

ఏమనుకుందో ఏమో, కూర్చుంది. చక్రాలు తిప్పుకుంటూ వెళ్ళి తలుపు దగ్గర ఇరుక్కుంది. కుడికి తిప్పింది, ఎడమకి తిప్పింది. ముందుకీ పోదు, వెనక్కీ రాదు. "అబ్బా!" అని వేళ్ళు విదిలించుకుంది.

"నాకూ అక్కడే నలిగాయమ్మా" అని మావయ్య తన వేళ్ళు చూపించాడు.

"ఇది ఇంటి రిపేరేంటండీ! ఈ తలుపు వెడల్పు చేయకపోతే కుర్చీ ఇచ్చి ఏం లాభం?" అని ఆవిడ అక్కణ్ణుంచే ఆఫీసుకి ఫోన్ చేసి ఒప్పించింది. హమ్మయ్య! అమ్మ, నేను ఒకేసారి ఊపిరి పీల్చుకున్నాం.

తలుపు వెడల్పయింది. నేను బయల్దేరబోతే మళ్ళీ మావయ్య అడ్డం.

"ఉండు, ముందు నేను."

"ఎప్పుడూ నీ సరదాయేనా?" అని కసిరాను.

చొక్కా చేయి పైకి లాగాడు. మోచేతి నిండా మచ్చలే. "ఇది కుర్చీ బ్రేకు పట్టనప్పుడు. ఇది స్నానాల కుర్చీ జారినప్పుడు. నేను పడితే లేస్తానే పిచ్చిమొహమా. నువ్వు పడితే?"

పిచ్చి మావయ్య! దారిచ్చాను.

కాసేపటికి బట్టలతో సహా తడిసి ముద్దయి బయటికొచ్చాడు. "వెళ్ళు. ఇంక కరవదు."

లోపలికెళ్ళి, గడియ నేనే వేసుకున్నాను.